గవి ముందర తోడేలు పిల్లలు

“యాడ తీసినావో ఆ ఒక్క మాట చెప్పు చౌడమ్మా. ఇంగేం అడగను నిన్ను.”

గంగాధర్ ఫోనును ఆమె ముఖానికి దగ్గరగా పట్టుకుని మళ్లీ అడిగాడు. వాకిట్లోకి వచ్చినప్పటి నుంచి అతను కూర్చోలేదు. అత్త నల్లమ్మ తెచ్చిన చెంబెడు నీళ్లు అరుగు మీద అట్లాగే ఉన్నాయి.

ఆ ఫోనులో చౌడేశ్వరి నిన్న పొద్దున తీసిన ఫొటో ఉంది. పెద్ద బండల సందున గుహలాగా చీకటిగా ఒక గవి. గవి ముందర లేత ఎండలో మూడు తోడేలు పిల్లలు. ఒకటి కాళ్లు చాపి నిద్రపోతోంది. ఒకటి దాని చెవి పట్టి లాగుతోంది. మూడోది మెడ పక్కకు వంచి, ఎవరో పేరు పెట్టి పిలిస్తే తిరిగినట్టు, నేరుగా ఇటే చూస్తోంది.

ఇంత గొడవ నడుస్తున్నా ఆ ఫొటో కంటబడగానే చౌడేశ్వరి గుండె ఒక్క గంతు వేసింది. ఎంత బాగా వచ్చింది అనుకుంది.

ఈ ఫొటోను ఆమె పంపింది ఇద్దరికే. చీరల వ్యాపారం చేసే ఇంటికి కోడలిగా ధర్మవరంలో ఉంటున్న హేమావతికీ, గోరంట్ల ఆస్పత్రిలో నర్సుగా పనిచేస్తున్న సువార్తకూ. హాస్టల్లో ఒకే గదిలో ఉండి చదువుకున్న ముగ్గురూ పెళ్లిళ్లయ్యాక ఫోనులో ఒక గ్రూపు పెట్టుకున్నారు. అందులో ఇంటి కష్టాలు రాయకూడదు, దేవుళ్ల బొమ్మలు పెట్టకూడదు, ఎవరికి వాళ్లు తీసిన ఫొటోలే పెట్టాలని కట్టుబాటు. హేమావతి మొగుడితో పాటు చీరల మూటలు వేసుకుని ఊళ్లు తిరిగేటప్పుడు బస్సు కిటికీలోంచి కనిపించిన కొండలూ వంతెనలూ పంపేది. సువార్త యాడికి అనే ఊళ్లో ఉన్న పుట్టింటికి పోయినప్పుడల్లా అక్కడి గుట్టల మీద కమ్ముకున్న మబ్బులు పంపేది. చౌడేశ్వరికి ప్రయాణాలేం లేవు. ఆమె బీడు పంపేది. బీట్లో నక్క, కంపచెట్టు మీద పాలపిట్ట, ఎండిన వంకలో ఉడుము, మంద వెనకాల ఎర్రగా లేచే దుమ్ము. ఆ ఇద్దరూ ఆమె ఫొటోల కోసమే కాచుకుని ఉండేవాళ్లు.

వాళ్లిద్దరి దగ్గరున్న ఫొటో గంగాధర్ చేతిలోకి ఎట్లా వచ్చిందో ఆమెకు అంతుపట్టలేదు.

“అడుగుతాంటే గమ్మునుంటావేం?” అన్నాడు గంగాధర్. మామ పుల్లన్నకు అతను అన్న కొడుకు, చౌడేశ్వరికి బావ వరస. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఇవాళ గొంతు పెరిగింది. “ఆ తోడేలు నా మందలో పడి పాలు మరవని గొర్రెపిల్లల్ని ఎత్తుకపోయింది. పొద్దన్నే పోయి చూస్తే తల్లులు దొడ్డంతా తిరుగుతా అరుస్తాండాయి. ఆ అరుపు ఇంగా నా చెవుల్లోనే ఉండాది. నువ్వేమో దాని పిల్లలకు ఫొటోలు తీసి ఊర్లకు పంపుతాండావు.”

“మన పిల్ల మాత్రం?” అంది నల్లమ్మ, పొయ్యి ఊదడం ఆపి. “సీసాతో పాలు పట్టి సాకితి. నా కొంగు ఇడిసేది కాదు. అదీ దాని నోట్లోకే పాయె. నా కోడలికి గుర్తుండాదో లేదో.”

చౌడేశ్వరి మర్చిపోలేదు. ఆ గొర్రెపిల్ల అత్త ఒళ్లో నిద్రపోతున్న ఫొటో ఇంకా తన ఫోనులోనే ఉంది. అది పోయిన రోజు తనకూ అన్నం దిగలేదు.

“యాడుండాదో చెప్తే ఏం చేస్తారు బావా?” అని అడిగింది.

గంగాధర్ దాచలేదు. “గవికి గడ్డి అడ్డం పెట్టి, ఎండుమిరపకాయలేసి పొగ పెడ్తాం.”

“అయితే చెప్పను.”

ఆ మాట అనేశాక గానీ అన్నది తనే అని ఆమెకు తెలియలేదు. పెళ్లయి ఈ ఇంటికి వచ్చాక మామ ఎదుట ఆమె ఎవరికీ లేదు, కాదు అని చెప్పి ఎరగదు. నల్లమ్మ చేతిలో ఊదుగొట్టం అట్లాగే నిలిచిపోయింది. బండికి ఆనుకుని నిలబడ్డ రామాంజనేయులు పెళ్లాం వైపు కొత్త మనిషిని చూసినట్టు చూశాడు.

మంచం మీద కూర్చున్న పుల్లన్న చేయి చాపాడు. “ఇట్లియ్యిరా అది.”

గంగాధర్ ఫోను ఇచ్చాడు. పుల్లన్న దాన్ని దూరంగా పట్టుకుని, కళ్లు చిట్లించి చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ ముఖంలో ఏముందో చౌడేశ్వరి కనిపెట్టలేకపోయింది. ఆయన ఫోను తిరిగి ఇచ్చేసి, కంబళి భుజాన వేసుకుని, కట్టె తీసుకుని, ఎవరితో ఏమీ అనకుండా వాకిలి దాటి పోయాడు. కోపం వస్తే అట్లా లేచిపోవడం ఆయనకు అలవాటే గనక ఎవరూ ఎక్కడికని అడగలేదు.

“ఈ రాతిగుండు మీద తెల్లచార ఉండాది చూడు,” అన్నాడు గంగాధర్, ఫొటోను వేళ్లతో పెద్దది చేస్తూ. “మేపేటోళ్లలో ఎవురో ఒకరు గుర్తు పడ్తారు. నీ నోటితో చెప్తావేమోనని వచ్చినా. చెప్పకపోతే మేమే ఎతుక్కుంటాం.”

అతను పోయాక వాకిట్లో మొగుడూ పెళ్లాం మిగిలారు. నల్లమ్మ అన్నం సట్టిని దించి, ఎవరినో తిట్టుకుంటూ దొడ్డి వైపు నడిచింది. ఇవాళ మందను ఆమే తోలుకుపోవాలి.

“నాయన ముందర అట్ల మొగాన కొట్టినట్టు మాట్లాడల్లనా?” అన్నాడు రామాంజనేయులు.

“నిన్న మాపటేళ నువ్వీ ఫొటో చూసి నవ్వలేదా? ఇంగోసారి చూపీ అంటివి. అన్నం తింటా కూడా చూస్తివి.”

“నిన్న ఎవురికీ తెలీదు కదా.”

“తెలిస్తే ఆ పిల్లలు బాగలేకుండా పోతాయా?”

అతను కాసేపు బండి అద్దం తుడిచాడు. తర్వాత దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

“నాకన్నా చెప్పు. నేనెవురికీ చెప్పను.”

చెప్పాలని ఆమెకు నోటిదాకా వచ్చింది. కానీ గంగాధరూ ఇతనూ ఒకే కంచంలో తిని పెరిగినవాళ్లు. అన్న భుజం మీద చేయి వేసి అడిగితే ఇతను దాచలేడు. అది ఇద్దరికీ తెలుసు. చౌడేశ్వరి తల దించుకుంది.

“సరే,” అన్నాడు రామాంజనేయులు. ఆ ఒక్క మాటలో ఎంత నొప్పి ఉందో ఆమెకు వినిపించింది. అతను బండి తీయకుండానే, నడుచుకుంటూ గంగాధర్ ఇంటి వైపు పోయాడు.

ఆమెకు ఏడవడానికి కూడా తీరిక దొరకలేదు. వీధి మలుపులో హారన్ ఆగకుండా మోగింది.

“మేయ్ చౌడీ, బిరీన తెములు. యాడమ్మా నీ పిల్లలు?”

సువార్త స్కూటరు నడుపుతోంది. వెనక కూర్చుని అరుస్తున్నది హేమావతి. మెడలో పెద్ద కెమెరా వేలాడుతోంది. ఆదివారం వచ్చి పిల్లల్ని కళ్లారా చూస్తామని ఇద్దరూ నిన్ననే చెప్పారు. ఈ గొడవలో చౌడేశ్వరి ఆ సంగతే మర్చిపోయింది.

“మా మరిదిని బతిమాలి కెమెరా తెచ్చినా. తొలి బస్సుకే గోరంట్లలో దిగినా మే. కన్ను మూస్తే ఆ మెడ వంచిన పిల్లే కనపడ్తాండాది,” అంటూ హేమావతి స్కూటరు ఆగకముందే దూకింది.

“ఫొటో ఎవురికి పంపినారు?” అని అడిగింది చౌడేశ్వరి.

ఇద్దరి నవ్వులూ ఆగిపోయాయి.

“నేనెవురికీ పంపలేదు,” అంది సువార్త. ఆ తర్వాత ఇద్దరూ హేమావతిని చూశారు.

“నేనూ పంపలేదు.” హేమావతి కెమెరా తాడును వేలికి చుట్టుకుంది. “స్టేటస్ పెట్టుకున్నా. మా చౌడి తీసింది అని రాసి పెట్టినా. అంత బాగుండాది మే. నేనొక్కదాన్నే చూసుకోవల్లంటే మనసు ఒప్పలేదు.”

హేమావతి స్టేటస్ అంటే మగ్గాల వాళ్లు చూస్తారు, దారం అమ్మేవాళ్లు చూస్తారు, చీరలు కొనేవాళ్లు చూస్తారు. ఒకరి నుంచి ఒకరికి చేరి పొద్దునకు ఈ ఊరు వచ్చేసింది. చౌడేశ్వరికి హేమావతి చెంప పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది. ఆ కోపంలోనే, మా చౌడి తీసింది అన్న మాట ఎక్కడో లోపల తియ్యగా తగిలింది. దానికి తన మీద తనకే కోపం వచ్చింది.

జరిగింది చెప్పేసరికి హేమావతి బొటబొటా కన్నీళ్లు కార్చింది. సువార్త అప్పటికే అటవీ శాఖ వాళ్లకు ఫోను చేసి మాట్లాడుతోంది. “వస్తాం అన్నారు. దూరంలో ఉండారంట. వచ్చేసరికి మాపటేళ అవుతాది.”

“అప్పటికి పొగ పెట్టి ఇంటికి కూడా వచ్చేస్తారు,” అంది చౌడేశ్వరి. వాకిట్లో అటూ ఇటూ తిరిగింది. ఉన్నట్టుండి ఆగింది. “మా పుట్టింట్లో పిల్లి ఈనినప్పుడు, మనిషి కంటబడితే చాలు, పిల్లల్ని నోట కరుచుకోని ఇంగోచోటికి మార్చేది. ఇదీ అట్లనే చేస్తాదేమో. నిన్న దానికి కనపడకూడదని ఊపిరి బిగబట్టి తీసినా. ఈ పొద్దు కనపడల్ల మనం. బాగా కనపడల్ల.”

సువార్త ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత స్కూటరు తిప్పింది. “ఎక్కండి. హేమా, ఏడ్చేది మళ్లా ఏడుద్దువు గానీ.”

ముగ్గురు ఆడవాళ్లను మోస్తూ ఆ స్కూటరు శనక్కాయ పీకేసిన చేల మధ్య బండిబాటలో ఎగిరెగిరి పడింది. గాలి కళ్లల్లోకి దుమ్ము కొడుతోంది. దూరాన గట్టు మీద గాలిమరలు గిరగిర తిరుగుతున్నాయి. ఎడమకు, కుడికి అని చౌడేశ్వరి చెవిలో అరుస్తుంటే సువార్త గుంతలు చూడకుండా పోనిచ్చింది. ఒక గుంతలో ముగ్గురూ గాల్లోకి లేచి కూర్చున్నారు. కన్నీళ్లు ఆరకముందే హేమావతి నవ్వేసింది. నవ్వకూడదనుకుంటూనే చౌడేశ్వరీ నవ్వింది. హాస్టలు గోడ దూకిన రోజున కూడా ఇట్లాగే గుండె కొట్టుకుంది.

వంక ఇసకలో స్కూటరు వదిలేసి గుట్ట ఎక్కారు. చెప్పులు చేత పట్టుకుని, కంపలు తప్పించుకుంటూ, చివరికి ఒక బండ మీదికి పాకి తలలు ఎత్తారు.

ఉన్నాయి. మూడూ ఉన్నాయి. నిన్నటికంటే కొంచెం ముందుకు వచ్చి, ఒక ఎముక కోసం ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి.

“దేవుడా,” అంది సువార్త ఊపిరి తీసుకోకుండా. హేమావతి చౌడేశ్వరి చేతిని గోళ్లు దిగేలా పట్టుకుంది. ఫొటోలో లేనివి ఇప్పుడు తెలుస్తున్నాయి. వాటి సన్న గుర్రు, దొర్లినప్పుడు లేచే దుమ్ము వాసన, ఎండ తగిలి మెరిసే బొజ్జల మీది నూగు.

పైన బండ మీద ఎండుగడ్డి రంగులో ఏదో కదిలింది. తల్లి. ఎప్పుడు వచ్చిందో తెలియదు. అది వాళ్లనే చూస్తోంది.

చౌడేశ్వరి లేచి నిలబడింది. చేతులు పైకెత్తి గట్టిగా చప్పట్లు కొట్టింది. ఆమెను చూసి మిగతా ఇద్దరూ లేచారు. తోడేలు చెవులు నిక్కబొడుచుకున్నాయి. పళ్లు చూపలేదు, పారిపోలేదు. అట్లా చూసి చూసి, ఒక్క దూకున కిందికి దిగింది. నిద్రమొహం పిల్లను మెడ మీద పట్టుకుని ఎత్తుకుంది. బండల వెనక మాయమైంది.

“తీసినావా?” అంది సువార్త.

హేమావతి కెమెరాను చూసుకుంది. ముందున్న మూత కూడా తీయలేదు.

ముగ్గురూ నోళ్లు మూసుకుని నవ్వుకున్నారు. తల్లి మళ్లీ వచ్చింది. రెండో పిల్లను ఎత్తుకుంది. సరిగ్గా అప్పుడే వంక వైపు నుంచి మోటారుబండ్ల చప్పుడు వినబడింది. తల్లి ఆగి చెవి పెట్టింది. నోట్లో పిల్లతో బండల వెనక్కి పోయింది. ఇక రాలేదు.

మిగిలింది మెడ వంచిన పిల్ల. అది కాసేపు తల్లి పోయిన దారి చూసి, కుయ్యిమంటూ ఇవతలికి, ఒక గుండు చాటుకు నడిచింది. ఆ చాటు నుంచి ముడతలు పడ్డ చేయి ఒకటి బయటికి వచ్చింది.

చౌడేశ్వరి పరుగెత్తింది, వెనకే మిగతా ఇద్దరూ. గుండు వెనక పుల్లన్న కూర్చుని ఉన్నాడు. పక్కన కట్టె, కాలి దగ్గర పెద్ద రాయి. పిల్ల ఆయన పాదం వాసన చూస్తోంది.

“మామా.”

“ఫొటోలోనే గుర్తు పట్టినా,” అన్నాడు పుల్లన్న తల ఎత్తకుండా. “చిన్నప్పట్నుంచి మేపుకున్న గుట్ట ఇది. అడ్డదోవన అందరికన్నా ముందొచ్చి నా చేత్తోనే పని అయిపోగొడదామని వచ్చినా. రాయి కూడా ఎత్తినా. మూడూ వచ్చి నా కాళ్ల చుట్టూ తిరిగె.” ఆయన కొంచెం ఆగాడు. “మంద వాసన నా ఒంటికి. పాలు తాగే పిల్లలు కదా. చేయి రాలేదు.”

కింద నుంచి మాటలు దగ్గరవుతున్నాయి. పుల్లన్న ఒకసారి అటు చూశాడు. తర్వాత పిల్ల పొట్ట కింద చేయి వేసి ఎత్తి, కంబళిలో చుట్టి ఒళ్లో పెట్టుకున్నాడు. మేతలో ఈనిన గొర్రెపిల్లను ఇంటికి తెచ్చేటప్పుడు ఆయన అట్లాగే చుట్టుకుంటాడు.

“ఎవురూ మాట్లాడొద్దు,” అన్నాడు.

గంగాధర్ గడ్డిమోపుతో పైకి వచ్చాడు. వెనక మరికొందరు మందల వాళ్లు. అందరి చివర ఒట్టి చేతులతో రామాంజనేయులు.

“చిన్నాయనా, నువ్వప్పుడే వచ్చినావా?”

“ఖాళీరా. మార్చేసింది.”

గంగాధర్ నమ్మలేదు. ఫోను లైటు వేసుకుని గవిలోకి సగం దూరి చూశాడు. బయటికి వచ్చేటప్పుడు చేతిలో గుప్పెడు ఉన్ని ఉంది. దాన్ని వేళ్లతో తడుముతూ ఒక రాతి మీద కూలబడ్డాడు. “ఇది నా మందదే,” అన్నాడు తనలో తాను. చౌడేశ్వరి అతని ముఖం వైపు చూడలేకపోయింది.

కంబళి కదిలింది. లోపల సన్నగా కుయ్యిమంది.

“ఏందది?” అన్నాడు గంగాధర్ తల ఎత్తి.

చౌడేశ్వరి చూపు తన మొగుడి మీద పడింది. రామాంజనేయులు కంబళినే చూస్తున్నాడు. అతనికి తెలిసిపోయింది. కళ్లెత్తి ఆమెను చూశాడు. పొద్దున ఆమె చెప్పకుండా మింగిన మాట ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. ఒక్క క్షణం ఆమెకు అతను ఏం చేస్తాడో అంతుపట్టలేదు.

అతను నడిచి వచ్చి తండ్రిని ఆనుకుని కూర్చున్నాడు. కంబళి మూట మీద చేయి వేశాడు. “నాయనకు ఎద పట్టుకున్యాది. చలిలో యాల వచ్చినావప్పా?” అన్నాడు. పుల్లన్న వెంటనే దగ్గడం మొదలుపెట్టాడు. ఆ దగ్గు ఎంతకీ ఆగలేదు.

“అన్నా,” అంది హేమావతి ఉన్నట్టుండి. గొంతు కొంచెం ఎక్కువే లేచింది. “ఇంత దూరం అందరూ కలిసి వచ్చినారు. ఒకచోట నిలబడండి, ఫొటో తీస్తా. పెద్ద కెమెరా ఇది. పేపర్లో వచ్చినట్టు వస్తాది.”

మందల వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకతను తలగుడ్డ విప్పి మళ్లీ చుట్టుకున్నాడు. ఇంకొకతను మిరపకాయల సంచిని రాయి వెనక పెట్టేశాడు. గంగాధర్ మొదట కదల్లేదు. అందరూ పిలిస్తే లేచి వచ్చి చిన్నాయన పక్కన నిలబడ్డాడు. వాళ్ల వీపులు గవి వైపు. మధ్యలో కూర్చున్న పుల్లన్న ఒళ్లో మూట, మూట మీద రామాంజనేయులు చేయి.

చౌడేశ్వరి హేమావతి భుజం మీదుగా కెమెరా తెరను చూసింది. సంతోషం గొంతుదాకా వచ్చింది. ఇంత దొంగతనం జరుగుతుంటే ఇంత మంది కలిసి నవ్వుతూ నిలబడి ఫొటో తీయించుకోవడం ఎవరు చూశారు.

“రవ్వంత దగ్గరికి జరగండి,” అంది.

జరిగారు. అంతలో, వాళ్ల తలల పైన, గవి మీది బండ అంచున రెండు చెవులు లేచాయి. తర్వాత నుదురు. తర్వాత కళ్లు. మూడో పిల్ల కోసం తల్లి వచ్చింది.

హేమావతి వేలు మీట మీద బిగుసుకుపోయింది. సువార్త చౌడేశ్వరి కొంగు పట్టుకుంది.

“ఏమైంది? తీయవేమ్మా?” అన్నాడు గంగాధర్.

తల్లి వాసన తగిలిందేమో, కంబళిలోని పిల్ల ఈసారి గట్టిగా అరిచింది. పుల్లన్న దగ్గు దాన్ని కప్పలేకపోయింది. బండ మీద నుంచి దానికి జవాబుగా లోగొంతుకతో ఒక గుర్రు వినబడింది.

గంగాధర్ ముఖంలోని నవ్వు ఆగిపోయింది. ముందు మూటను చూశాడు. తర్వాత మెల్లగా తల వెనక్కి తిప్పాడు.